విదేశంలో బంధువులున్నారా? విద్యార్థి వీసా దరఖాస్తులో దాచవద్దు

మండపేట: ‘మా బాబాయి అమెరికాలో ఉన్నారని ఫారంలో రాస్తే వీసా ఇవ్వరట, నిజమేనా?’ పైచదువులకు విదేశాలకు వెళ్లదలచిన పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. దీనికి ఎవరికి తోచిన సమాధానం వారు చెబుతున్నారు. బంధువుల పేర్లు అసలు రాయవద్దని ఒకరు, వారి పేరు చెబితేనే పని సులువవుతుందని మరొకరు సలహా ఇస్తుంటారు. ఈ రెండూ సరైనవి కావు. బంధువు ఉండటం విద్యార్థి వీసాకు అనర్హత కాదు, అదనపు అర్హత కూడా కాదు. ఉన్న బంధువును లేరని రాయడం మాత్రం ఒక సంవత్సరం చదువుతో పోయే నష్టం కాదు. అమెరికా విషయంలో అది జీవితాంతం వెంటాడే అనర్హతకు దారితీయవచ్చు. పొలం తనఖా పెట్టి పిల్లలను పంపే కుటుంబాలు ఈ తేడాను ముందుగానే తెలుసుకోవడం అవసరం.

ఈ భయం ఎక్కడిది?

గోదావరి ప్రాంతానికి, అమెరికాకు మధ్య బంధుత్వం నిన్నటిది కాదు. 1965లో అమెరికా వలస చట్టాన్ని సవరించి దేశాలవారీ పాత కోటాలను తొలగించిన తరువాత మన వైద్యులు, ఇంజినీర్లు అక్కడికి వెళ్లడం మొదలైంది. 1958లో ప్రారంభమైన కాకినాడ రంగరాయ వైద్య కళాశాల, 1946లో ఏర్పడి తరువాత జేఎన్‌టీయూలో భాగమైన కాకినాడ ఇంజినీరింగ్ కళాశాల ఇందుకు దారులు వేశాయి. తొంభైలలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు తోడయ్యాయి. ఫలితంగా నేడు అక్కడ ఒక్క బంధువైనా లేని కుటుంబం నుంచి వెళ్లే విద్యార్థులకంటే, ఎవరో ఒకరు ఉన్న కుటుంబాల నుంచి వెళ్లేవారు కనిపించడమే పరిపాటి. 2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,63,019 మంది భారతీయ విద్యార్థులున్నట్లు అక్కడి ‘ఓపెన్ డోర్స్’ నివేదిక తెలిపింది. బంధువులున్న ప్రతి ఒక్కరికీ వీసా నిరాకరించే పద్ధతే ఉంటే ఇంతమంది వెళ్లగలిగేవారు కాదు.

అయితే భయానికి ఒక ఆధారం లేకపోలేదు. అమెరికా వలస, జాతీయత చట్టం (1952)లోని 214(బి) సెక్షన్ ప్రకారం తాత్కాలిక వీసా కోరే వ్యక్తిని అక్కడే స్థిరపడదలచిన వ్యక్తిగానే మొదట భావిస్తారు. అలా కాదని నిరూపించుకోవలసిన బాధ్యత దరఖాస్తుదారుదే. సొంత అక్క, అన్న అక్కడ స్థిరపడి ఉంటే ‘ఇతడూ అక్కడే ఉండిపోతాడేమో’ అనే సందేహం అధికారికి కలగవచ్చు. ఆ సందేహాన్ని తీర్చవలసింది చదువుకు సంబంధించిన స్పష్టమైన కారణం, డబ్బుకు సంబంధించిన సరైన ఆధారం, స్వదేశంలోని బంధాలే. బంధువు పేరు దాచినంత మాత్రాన అది తీరదు.

దరఖాస్తు వరుసక్రమం

అమెరికాలో చదువుకు ఎఫ్-1 వీసా తీసుకోవాలి. ముందుగా ప్రభుత్వ గుర్తింపు గల విశ్వవిద్యాలయంలో సీటు పొందాలి. సొమ్ము ఆధారాలు చూపిన తరువాత విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం పంపుతుంది. అందులో ఏడాది ఖర్చు ఎంత, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న వివరాలు ఉంటాయి. తరువాత సెవిస్ రుసుము చెల్లించాలి. 2019 జూన్ 24 నుంచి ఇది 350 డాలర్లు. డీఎస్-160 అనే దరఖాస్తును ఇంటర్నెట్‌లో నింపి, వీసా రుసుము చెల్లించి ఇంటర్వ్యూ తేదీ తీసుకోవాలి. వీసా రుసుము 2023 జూన్ 17 నుంచి 185 డాలర్లు. ఇవి కాక, తాత్కాలిక వీసాలపై అదనంగా 250 డాలర్ల రుసుము విధించేందుకు 2025 జూలై 4న అమెరికాలో చట్టం వచ్చింది. కనుక డబ్బు కట్టే ముందు అమెరికా రాయబార కార్యాలయం అధికారిక వెబ్‌సైటులో ఆ రోజు అమలులో ఉన్న మొత్తాన్ని చూసుకోవాలి.

తెలుగు విద్యార్థులు ఒకప్పుడు ఇంటర్వ్యూకు చెన్నై వెళ్లేవారు. 2008లో హైదరాబాద్‌లో కాన్సులేట్ ప్రారంభమైంది. బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో నడిచిన ఈ కార్యాలయం 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. వేలిముద్రలు, ఫొటో తీసే కేంద్రం వేరు. అది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉంది. రెండు చోట్లకూ వెళ్లవలసి ఉంటుంది కనుక రాజమహేంద్రవరం నుంచి రైలు టికెట్టు తీసుకునేటప్పుడు రెండు తేదీలనూ దృష్టిలో ఉంచుకోవాలి.

ఫారంలో బంధువుల గురించి ఏమడుగుతారు?

డీఎస్-160లో బంధువుల ప్రస్తావన ఒక్కచోటే ఉండదు. తల్లిదండ్రులు అమెరికాలో ఉన్నారా అని మొదట అడుగుతారు. తరువాత ‘దగ్గరి బంధువులు’ ఉన్నారా అని అడుగుతారు. ఇక్కడ దగ్గరి బంధువులంటే భార్య లేదా భర్త, వివాహం నిశ్చయమైన వ్యక్తి, సంతానం, తోబుట్టువులు మాత్రమే. వీరు ఉంటే పేరు, వరుస, అక్కడ వారి హోదా రాయాలి. పౌరులా, గ్రీన్‌కార్డు ఉన్నవారా, తాత్కాలిక వీసాపై ఉన్నారా అన్నదే హోదా. తెలియకపోతే తెలియదని చెప్పే అవకాశం కూడా ఫారంలోనే ఉంది. ఊహించి రాయవలసిన పని లేదు.

దగ్గరి బంధువులు లేరని రాసినవారిని ‘ఇతర బంధువులు ఉన్నారా’ అని అడుగుతారు. బాబాయి, పెదనాన్న, మేనమామ, పిన్ని, మేనత్త, వారి పిల్లలు ఈ కోవలోకి వస్తారు. వీరి పేర్లు అక్కడ రాయనక్కరలేదు. ఉన్నారు లేదా లేరు అని చెబితే చాలు. ‘లేరు’ అని నొక్కి పోయే విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఈ ప్రశ్న దగ్గరే.

ఇవిగాక ఖర్చు ఎవరు భరిస్తారు, అక్కడ ఎక్కడ ఉంటారు, సంప్రదించవలసిన వ్యక్తి ఎవరు అనే ప్రశ్నలూ ఉంటాయి. బంధువులు లేరని ఒక పేజీలో రాసి, మరో పేజీలో బాబాయి చిరునామా ఇచ్చిన దరఖాస్తు తనను తానే ఖండించుకుంటుంది.

‘అన్నయ్య’ అంటే ఎవరు?

మన వరుసలు ఇంగ్లిషు ఫారంలో ఇమడవు. పెదనాన్న కుమారుడిని మనం అన్నయ్య అనే పిలుస్తాం. పిన్ని కుమార్తె మనకు చెల్లెలే. అదే అలవాటుతో ఇంటర్వ్యూలో ‘బ్రదర్ ఉన్నాడు’ అని చెబితే అధికారి సొంత అన్నగా అర్థం చేసుకుంటారు. ఫారంలో తోబుట్టువులు లేరని ఉంటే అది అబద్ధంగా కనిపిస్తుంది. ఒకే తల్లికి గాని, తండ్రికి గాని పుట్టినవారు మాత్రమే ఇక్కడ తోబుట్టువులు. పెదనాన్న, చిన్నాన్న, పిన్ని, మేనత్త, మేనమామల పిల్లలను ‘కజిన్’ అనే చెప్పాలి. ‘అంకుల్’ అన్నప్పుడు కూడా నాన్న తమ్ముడా, అమ్మ అన్నా, కేవలం నాన్న స్నేహితుడా అన్నది అడగకముందే స్పష్టం చేయడం మంచిది. ఊరి వరుసలతో పిలిచేవారు, రక్తసంబంధం లేనివారు బంధువుల లెక్కలోకి రారు.

నిశ్చితార్థం జరిగి ఉంటే...

మన ప్రాంతంలో మేనరికాలు ఉన్నాయి. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మేనబావతో తాంబూలాలు మార్చుకున్న తరువాత అమ్మాయిని చదువు పేరుతో పంపడం కూడా కొన్ని కుటుంబాల్లో జరుగుతుంటుంది. వివాహం నిశ్చయమైన వ్యక్తి అమెరికాలో ఉంటే ఫారంలో దగ్గరి బంధువుగా చూపాలి. పెద్దలు అనుకున్న మాట వేరు, జరిగిన నిశ్చితార్థం వేరు. నిశ్చితార్థం జరిగి ఉంటే దాచరాదు. ఇంటర్వ్యూకు వెళ్లేది అమ్మాయి కనుక, ఆమె చదువు ఉద్దేశాన్ని ఆమే వివరించగలగాలి. అసలు ఉద్దేశం కాపురానికి వెళ్లడమే అయితే అందుకు వేరే వీసాలున్నాయి. విద్యార్థి వీసా దానికి తగిన మార్గం కాదు.

ఎవరైనా పిటిషన్ వేశారా?

ఫారంలోని మరో కీలకమైన ప్రశ్న: ‘మీ కోసం ఎవరైనా వలస పిటిషన్ దాఖలు చేశారా?’ అమెరికా పౌరసత్వం పొందినవారు తమ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కోసం కుటుంబ కోటాలో పిటిషన్ వేయవచ్చు. దీనిని ఎఫ్-4 విభాగం అంటారు. భారతీయులకు ఇందులో నిరీక్షణ 15 సంవత్సరాలకు పైబడి ఉంటుంది. బాబాయి ఎప్పుడో నాన్న కోసం పిటిషన్ వేయడం, ఇంట్లో అందరూ దానిని మరచిపోవడం అరుదేమీ కాదు. నాన్న పేరిట వేసిన పిటిషన్‌లో 21 ఏళ్లలోపు అవివాహిత పిల్లలు కూడా ఆయనపై ఆధారపడినవారిగా ఉంటారు. కనుక దరఖాస్తు నింపే ముందు బాబాయికి ఫోను చేసి అటువంటిది ఏమైనా ఉందా, ఏ సంవత్సరంలో వేశారు అని కనుక్కోవాలి. ఉంటే ఆ ప్రశ్నకు ఎలా సమాధానం ఇవ్వాలో అమెరికా వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడిగి నిర్ణయించుకోవడం ఉత్తమం. అధికారి అడిగినప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. ఆ రికార్డు అమెరికా ప్రభుత్వం వద్దే ఉంటుందన్న సంగతి మరవరాదు.

దాస్తే ఏమవుతుంది?

214(బి) కింద తిరస్కరించడం శాశ్వతం కాదు. దానిపై అప్పీలు లేదు గాని, మళ్లీ రుసుము కట్టి ఎప్పుడైనా దరఖాస్తు చేసుకోవచ్చు. కాని వీసా కోసం ముఖ్యమైన విషయంలో ఉద్దేశపూర్వకంగా అబద్ధం చెప్పినట్లు తేలితే 212(ఎ)(6)(సి) సెక్షన్ వర్తిస్తుంది. అది కాలపరిమితి లేని అనర్హత. ప్రత్యేక మినహాయింపు లభిస్తే తప్ప విద్యార్థిగానే కాదు, ఆ తరువాత ఉద్యోగిగా, పర్యాటకుడిగా కూడా ప్రవేశం ఉండదు. బంధువు ఉన్నారని రాసి వీసా రాకపోతే ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ ప్రయత్నించవచ్చు. లేరని రాసి పట్టుబడితే ఆ దారే మూసుకుపోవచ్చు. తూకం వేసి చూడవలసింది ఈ రెండింటినే.

మిగతా దేశాల్లోనూ అబద్ధానికి శిక్ష ఉంది. కెనడాలో తప్పుడు సమాచారానికి ఐదేళ్ల నిషేధం. బ్రిటన్‌లో మోసపూరిత దరఖాస్తుకు పదేళ్లపాటు తిరస్కరణ ఎదురవుతుంది. ఆస్ట్రేలియాలో తప్పుడు పత్రాలు, సమాచారం ఇస్తే మూడేళ్లు వీసా ఇవ్వకపోవచ్చు.

పొరపాటున తప్పు రాసినట్లు గమనిస్తే కంగారు పడనవసరం లేదు. ఇంటర్వ్యూకు ముందే కొత్త డీఎస్-160 నింపి, ఆ ధ్రువీకరణ సంఖ్యను ఇంటర్వ్యూ తేదీ తీసుకున్న ఖాతాలో సరిచేసుకోవాలి. రెండు సంఖ్యలు సరిపోలకపోతే లోపలికి అనుమతించకపోవచ్చు.

ఖర్చు బంధువు భరిస్తే

అమెరికాలో విద్యార్థి ఖర్చును తల్లిదండ్రులే భరించాలన్న నియమం లేదు. బంధువు కూడా భరించవచ్చు. మొదటి సంవత్సరానికి సరిపడా డబ్బు వెంటనే వాడుకోగల రూపంలో ఉందని, తరువాతి సంవత్సరాలకు కూడా వస్తుందని నమ్మకం కలిగించాలి. బంధువు సాయం చేస్తుంటే ఆ మొత్తం ఐ-20లోనూ, డీఎస్-160లోనూ ఒకే విధంగా ఉండాలి. ఆయన సంతకం చేసిన ఐ-134 పత్రం లేదా విశ్వవిద్యాలయం ఇచ్చే హామీ పత్రం, బ్యాంకు ఖాతా వివరాలు, ఉద్యోగ ధ్రువీకరణ, ఆదాయపు పన్ను పత్రాలు తెప్పించుకోవాలి. ఇల్లు, భోజనం మాత్రమే ఉచితంగా ఇస్తానంటే దానినీ కొన్ని విశ్వవిద్యాలయాలు లిఖితపూర్వక హామీతో లెక్కలోకి తీసుకుంటాయి.

ఇక్కడ అధికారికి సహజంగా కలిగే ప్రశ్న: ‘ఆయన మీకు ఎందుకు ఇస్తున్నారు?’ మన కుటుంబాల్లో ఇది వింత కాదు. బాబాయి చదువుకునే రోజుల్లో నాన్న ఫీజు కట్టి ఉండవచ్చు. ఇప్పుడు ఆ రుణం ఆయన ఇలా తీర్చుకుంటూ ఉండవచ్చు. అది నిజమైతే రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. నిజం కానప్పుడు కథ అల్లవద్దు. తనకే భార్యాబిడ్డలు, ఇంటి వాయిదాలు ఉన్న బంధువు మొత్తం ఖర్చు భరిస్తారంటే నమ్మడం కష్టం. తల్లిదండ్రుల పొదుపు, బ్యాంకు రుణం ప్రధానంగా చూపి, బంధువు సాయాన్ని తోడుగా చూపడం ఎక్కువ సందర్భాల్లో బలంగా ఉంటుంది.

పొలం, ఇల్లు ఉన్నాయన్నది చేతిలో డబ్బు ఉన్నట్లు కాదు. అడంగల్, 1-బి, పట్టాదారు పాసుపుస్తకం, చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన విలువ పత్రం స్వదేశంలో ఆస్తి ఉందని చూపుతాయే గాని ఫీజు కట్టవు. ఆ పొలం హామీగా బ్యాంకు మంజూరు చేసిన విద్యారుణం పత్రం ఉంటే అది డబ్బుగా లెక్కకు వస్తుంది. రూ.7.5 లక్షలు మించిన విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా స్థిరాస్తి హామీ అడుగుతాయి. ఇంటర్వ్యూకు వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో వేసిన సొమ్ము మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది.

బంధుత్వం ఎలా చూపాలి?

బాబాయి ఇంటిపేరు, మన ఇంటిపేరు ఒకటే కనుక కొంత సులువు. మేనమామ విషయంలో ఇంటిపేరు వేరు. అప్పుడు తల్లి పదో తరగతి ధ్రువపత్రం లేదా పాస్‌పోర్టులోని తండ్రి పేరు, మేనమామ పత్రాల్లోని తండ్రి పేరు ఒకటేనని చూపితే సంబంధం తెలుస్తుంది. విద్యార్థి జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఉంటే గొలుసు పూర్తవుతుంది. ఒక పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, మరొకదానిలో పూర్తిగా ఉండటం, ఇంగ్లిషు అక్షరాలు తేడాగా ఉండటం మన దగ్గర సాధారణం. ఇలాంటి తేడాలను పాస్‌పోర్టు దశలోనే సరిచేసుకోవడం మంచిది. వీసా దశలో అంత వ్యవధి ఉండదు.

ఇంటర్వ్యూలో...

ఇంటర్వ్యూ సాధారణంగా కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. కవరులోని పత్రాలన్నీ చూడకపోవచ్చు. కనుక మాటే ప్రధానం. ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు, ఈ కోర్సే ఎందుకు అని అడిగినప్పుడు ‘మా మావయ్య అక్కడే ఉంటారు’ అన్నది మొదటి సమాధానం కారాదు. కోర్సులోని పాఠ్యాంశాలు, ఇంతవరకు చదివినదానితో వాటికున్న సంబంధం చెప్పగలగాలి. బంధువు గురించి అడిగినప్పుడు మాత్రం వరుస, ఊరు, చేసే పని మూడు ముక్కల్లో చెప్పాలి. అడగని వివరాలు వల్లించనవసరం లేదు. అడిగినది దాటవేయనూ కూడదు.

ఉదాహరణకు మండపేట విద్యార్థి మిస్సోరీ రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో చేరుతున్నాడని, అతని మేనమామ టెక్సాస్‌లోని డల్లాస్‌లో ఉన్నాడని అనుకుందాం. ‘మావయ్య ఇంట్లో ఉంటాను’ అంటే రెండు రాష్ట్రాల దూరం నుంచి తరగతులకు ఎలా వెళ్తావన్న ప్రశ్న వస్తుంది. ‘విశ్వవిద్యాలయం దగ్గర గది తీసుకుంటాను. మావయ్య డల్లాస్‌లో ఉంటారు, సెలవుల్లో వెళ్తాను’ అన్నది నిజమూ, నమ్మదగినదీ.

చదువు తరువాత ఏమి చేస్తారన్న ప్రశ్నకు ఇక్కడి జీవితమే సమాధానం ఇవ్వగలదు. తండ్రికి రైసు మిల్లు ఉండి కొడుకు ఆహార సాంకేతిక శాస్త్రం చదువుతున్నా, కోళ్ల ఫారం ఉన్న కుటుంబంలో అమ్మాయి వ్యాపార నిర్వహణ చదువుతున్నా చెప్పడానికి స్పష్టమైన కారణం ఉంటుంది. అటువంటిది లేనివారు తాము చేయదలచిన ఉద్యోగం, అది ఇక్కడ ఏ నగరంలో, ఏ రంగంలో దొరుకుతుందన్నది ఆలోచించుకుని వెళ్లాలి.

గత ఐదేళ్లలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాల పేర్లు ఫారంలో రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని అమెరికా ప్రభుత్వం ఆదేశించింది. అక్కడి అక్కతో, బావతో దిగిన ఫొటోలు ఖాతాలో ఉండి ఫారంలో బంధువులు లేరని ఉంటే ఎవరూ ఫిర్యాదు చేయనక్కరలేకుండానే విషయం బయటపడుతుంది.

అక్కడికి చేరాక

బంధువు ఇంట్లో ఉండటం తప్పు కాదు. ఉంటున్న చిరునామాను, మారినప్పుడల్లా కొత్త చిరునామాను పది రోజుల్లోగా విశ్వవిద్యాలయానికి తెలపాలి. కాని బంధువు దుకాణంలో, పెట్రోలు బంకులో, హోటల్లో పని చేయడం మాత్రం తప్పు. ఎఫ్-1 విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో విశ్వవిద్యాలయ ఆవరణలో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. బయట పనికి వేరే అనుమతి కావాలి. ‘సొంత బాబాయి కొట్టే కదా, జీతం చేతికే ఇస్తారు’ అన్నది చట్టం ముందు నిలవదు. 2023 ఆగస్టులో పలువురు తెలుగు విద్యార్థులను అమెరికా విమానాశ్రయాల నుంచే వెనక్కి పంపినప్పుడు, అధికారులు ఫోన్లలోని సంభాషణలు కూడా పరిశీలించినట్లు వార్తలు వచ్చాయి. వెళ్లకముందే పార్ట్‌టైమ్ పని మాట్లాడిపెట్టమని బంధువుకు వాట్సప్ సందేశాలు పంపడం ఏమాత్రం క్షేమం కాదు.

బంధువు చెప్పిన కళాశాలైనా విచారించాలి

‘మనవాళ్లు చాలామంది చేరారు’ అన్న మాట ఒక్కటే చాలదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయంపై దాడులు జరిగినప్పుడు వీధిన పడిన విద్యార్థుల్లో అత్యధికులు తెలుగువారు. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. అది అమెరికా అధికారులే నిఘా కోసం నెలకొల్పిన బూటకపు సంస్థ. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్పించిన అభియోగంపై ఎనిమిది మందిని అదుపులోకి తీసుకున్నారు. స్నేహితులు, పరిచయస్థుల మాటపైనే చాలామంది చేరారు. తరగతులు నిజంగా జరుగుతాయా, అధ్యాపకులు ఎవరు, గుర్తింపు ఏమిటి అన్నవి విద్యార్థి స్వయంగా చూసుకోవాలి.

బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలలో...

బ్రిటన్‌లో డబ్బు నిబంధన వేరు. సొమ్ము విద్యార్థి ఖాతాలో గాని, తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకుల ఖాతాలో గాని, వివాహితులైతే జీవిత భాగస్వామి ఖాతాలో గాని ఉండాలి. బాబాయి, మేనమామ ఖాతా చెల్లదు. వారు సాయం చేయదలిస్తే ముందుగానే విద్యార్థికి గాని తల్లిదండ్రులకు గాని పంపాలి. ఆ సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో తగ్గకుండా ఉండాలి. 2025 నవంబరు 11 నుంచి జీవనవ్యయం కింద లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, వెలుపల 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల వరకు చూపాలి. బంధువు ఇంట్లో ఉంటానన్నా ఈ మొత్తం తగ్గదు.

కెనడాలో బంధువు ఇచ్చే డబ్బు చూపవచ్చు. ఇచ్చేవారి లేఖ, ఆధారాలు జతపరచాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి ఒక్క విద్యార్థి ఫీజు, ప్రయాణం కాక 22,895 డాలర్లు చూపాలి. క్యూబెక్ రాష్ట్రానికి లెక్క వేరు. వేగంగా పరిశీలించే ఎస్‌డీఎస్ పద్ధతిని 2024 నవంబరు 8న రద్దు చేశారు. స్వదేశంలోను, కెనడాలోను ఉన్న కుటుంబ బంధాలను అధికారి బేరీజు వేస్తారు. కనుక ఇక్కడ ఉన్న తల్లిదండ్రులు, ఆస్తి, బాధ్యతల గురించి ఉద్దేశ లేఖలో తప్పక రాయాలి.

ఆస్ట్రేలియాలో 2024 మార్చి 23 నుంచి ‘నిజమైన విద్యార్థి’ అనే పరీక్ష వచ్చింది. కుటుంబం, సమాజం, ఉద్యోగం, ఆర్థిక పరిస్థితి గురించి 150 పదాలకు మించకుండా సమాధానాలు రాయాలి. ఖర్చులకు ఏడాదికి 29,710 డాలర్లు చూపాలన్న నిబంధన 2024 మే 10న అమలులోకి వచ్చింది. వీసా రుసుము 2025 జూలై 1 నుంచి 2,000 డాలర్లు. ఈ రెండూ ఆస్ట్రేలియా డాలర్లు.

ఫారం ఎవరు నింపినా బాధ్యత మీదే

చాలామంది విద్యార్థులు కన్సల్టెన్సీ వారికి వివరాలిచ్చి ఫారం నింపిస్తారు. అందులో తప్పు లేదు. నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని కూడా డీఎస్-160లో అడుగుతారు. దానికీ నిజమే చెప్పాలి. చివరి మీట నొక్కవలసింది మాత్రం దరఖాస్తుదారే. బంధువుల ప్రశ్నలన్నింటికీ అలవాటుగా ‘లేరు’ అని నింపే కేంద్రాలు లేకపోలేదు. తరువాత ‘మా కన్సల్టెన్సీ వారు అలా రాశారు’ అంటే అధికారి అంగీకరించరు. సమర్పించే ముందు ప్రతి పేజీ చదివి, ప్రతిని దగ్గర ఉంచుకోవాలి. ఇప్పటి జవాబులను రేపు ఉద్యోగ వీసాకు, గ్రీన్‌కార్డుకు ఇచ్చే జవాబులతో పోల్చి చూస్తారు.

ఇవి గుర్తుంచుకోండి

దరఖాస్తుకు ముందు ఇంట్లో కూర్చుని విదేశంలో ఉన్న బంధువులందరి జాబితా రాసుకోవాలి. వరుస, ఊరు, హోదా, ఏ సంవత్సరంలో వెళ్లారు అన్నవి అందులో ఉండాలి.

ఎవరైనా వలస పిటిషన్ వేశారా అన్నది ఫోను చేసి కనుక్కోవాలి.

తోబుట్టువు, కజిన్ తేడా తెలిసి మాట్లాడాలి.

ఐ-20లోని సొమ్ము వివరాలు, ఫారంలోని వివరాలు, నోటిమాట మూడూ ఒకటిగా ఉండాలి.

గతంలో ఏ దేశం వీసా తిరస్కరించినా, అడిగినచోట చెప్పాలి.

తిరస్కరణ ఎదురైతే ఇచ్చిన కాగితంపై ఏ సెక్షన్ ఉందో చూసుకోవాలి. 221(జి) అయితే పత్రాలో పరిశీలనో మిగిలి ఉన్నట్లు. 214(బి) అయితే పరిస్థితిలో ఏదైనా మారిన తరువాతే మళ్లీ వెళ్లడం మేలు.

బంధువు విమానాశ్రయానికి వచ్చి ఎదురుకోగలరు, మొదటి నెల అన్నం పెట్టగలరు, కొత్త ఊరిలో ధైర్యం చెప్పగలరు. వీసా కిటికీ ముందు విద్యార్థి తరఫున మాట్లాడలేరు. అక్కడ మాట్లాడవలసింది విద్యార్థే. ఆ మాటకు ఫారంలోని నిజం అండగా ఉండాలి.